తొమ్మిదేళ్ళు నిండకుండానే పాపకు రొమ్ము కింద గట్టి బిళ్ళ... ఆపే ఇంజెక్షన్ వేయించాలా?

ప్రశ్న: మా పాపకు 8 ఏళ్ళ 9 నెలలు. నాలుగో తరగతి చదువుతోంది. నెల క్రితం తలస్నానం చేయిస్తుంటే ఎడమ రొమ్ము కింద గట్టిగా చిన్న బిళ్ళలాంటిది చేతికి తగిలింది. ముట్టుకుంటే నొప్పి అంటోంది. కుడివైపు ఏమీ లేదు. మా అత్తగారు, ఆడపడుచు, పక్కింటావిడ ముగ్గురూ నొక్కి చూశారు. గడ్డేమో, ఆపరేషన్ చేసి తీయించేయమని ఒకరన్నారు. బ్రాయిలర్ కోడి తినడం వల్లే ఇలా అయిందని మా అత్తగారు అంటున్నారు. ఇంత చిన్న వయసులో పెద్దమనిషి అయితే ఎత్తు ఆగిపోతుందని, ఆపడానికి ఇంజెక్షన్లు ఉన్నాయని వాట్సాప్‌లో చదివాను. పాప ఎత్తు 129 సెంటీమీటర్లు, బరువు 31 కిలోలు. నా ఎత్తు 155, మావారిది 168. బాబుకేమో పదమూడున్నర ఏళ్ళు వచ్చినా 144 సెంటీమీటర్లే ఉన్నాడు, మీసకట్టు జాడే లేదు. ఏం చేయాలో తెలియక చాలా టెన్షన్‌గా ఉంది.
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: ముందుగా, దయచేసి ఆ బిళ్ళను ఇంకెవరూ నొక్కి చూడకుండా చూడండి. మీరు రాసినదాన్ని బట్టి అది గడ్డలా అనిపించడం లేదు. రొమ్ము ఎదుగుదల అలాగే మొదలవుతుంది. చనుమొన సరిగ్గా కింద, చొక్కా గుండీ అంత సైజులో, కాస్త గట్టిగా, వేళ్ళతో కదిపితే చర్మం కింద కొంచెం కదులుతూ తగులుతుంది. బ్యాగు పట్టీ ఒత్తుకున్నా, బోర్లా పడుకున్నా నొప్పి పుడుతుంది. చాలామంది ఆడపిల్లల్లో మొదట ఒకవైపే కనబడుతుంది. పాలపళ్ళు ఊడిన చోట కొత్తవి ఒకేసారి రావు కదా, ఇదీ అంతే. రెండోవైపు కొన్ని వారాలకో, నెలలకో వస్తుంది. ఒక్కోసారి ఆరు నెలలు కూడా పట్టవచ్చు.

ఈ వయసులో రొమ్ము క్యాన్సర్ అత్యంత అరుదు. ఆపరేషన్ మాట గురించి మాత్రం గట్టిగా చెప్పాలి. ఇప్పుడు చేతికి తగులుతున్న ఆ చిన్న బిళ్ళ నుంచే రేపు రొమ్ము మొత్తం తయారవుతుంది. గడ్డ అనుకుని దాన్ని కోసి తీసేస్తే ఆ వైపు రొమ్ము జీవితంలో ఎదగదు. సూది పెట్టి ముక్క తీసినా దెబ్బతినే ప్రమాదం ఉంది. కాబట్టి ఎవరు చెప్పినా ఆ పని చేయించవద్దు. సున్నం పట్లు, పసుపు పట్లు, నూనె మర్దనలు కూడా వద్దు. వదులుగా ఉండే నూలు స్లిప్ వేయండి, నొప్పి చాలావరకు దానితోనే తగ్గుతుంది. ఎర్రగా కమిలి వేడిగా ఉన్నా, జ్వరం వచ్చినా, చనుమొన నుంచి చీము గానీ రక్తం గానీ వచ్చినా అప్పుడు వెంటనే డాక్టర్‌కు చూపించాలి.

ఇక ఇది తొందరపాటు ఎదుగుదలా కాదా అన్న విషయానికి వద్దాం. ఆడపిల్లల్లో 8 నుంచి 13 ఏళ్ళ మధ్య ఎప్పుడు రొమ్ము ఎదుగుదల మొదలైనా మామూలుగానే లెక్కిస్తాం. మగపిల్లల్లో ఈ మార్పులు 9 నుంచి 14 ఏళ్ళ మధ్య మొదలవుతాయి. మీ పాప ఈ గీతకు లోపలే ఉంది, కాకపోతే మొదటి అంచుకు దగ్గరగా. అందుకే ఒక విషయం గుర్తు చేసుకోండి. మీ చేతికి తగిలింది నెల క్రితమే అయినా, బిళ్ళ అంతకుముందు నుంచే ఉండవచ్చు. పోయిన పుట్టినరోజు నాటికే ఛాతీ దగ్గర గౌను ఎత్తుగా కనిపించేదా? అప్పుడే ఎప్పుడైనా నొప్పి అన్నదా? 8 నిండకముందే మొదలైందని అనుమానం ఉంటే ఆలస్యం చేయకుండా పిల్లల హార్మోన్ డాక్టర్‌ను, అంటే పీడియాట్రిక్ ఎండోక్రైనాలజిస్ట్‌ను కలవండి. అలాంటి అనుమానం లేకపోతే, దగ్గర్లోని పిల్లల డాక్టర్ ఒకసారి చేత్తో పరీక్షిస్తే ప్రస్తుతానికి చాలు. కాస్త బొద్దుగా ఉన్న పిల్లల్లో కేవలం కొవ్వు వల్ల కూడా ఛాతీ ఎత్తుగా కనబడుతుంది. పడుకోబెట్టి చూస్తే కొవ్వు మెత్తగా పక్కలకు జారిపోతుంది, రొమ్ము కణజాలం మాత్రం చనుమొన కింద గట్టిగా నిలిచే ఉంటుంది. ఆ తేడా అలవాటైన చేతికి తెలుస్తుంది.

రొమ్ము మొగ్గ కనబడిందంటే రేపో మాపో పెద్దమనిషి అవుతుందని కాదు. సాధారణంగా అక్కడి నుంచి మొదటి పీరియడ్ రావడానికి రెండు, రెండున్నరేళ్ళు పడుతుంది. లెక్క ప్రకారం మీ పాపకు 11 ఏళ్ళ అటూ ఇటూ కావచ్చు. మధ్యలో చంకల్లో చెమట వాసన, అక్కడక్కడా వెంట్రుకలు, మొటిమలు వస్తాయి. పీరియడ్స్ మొదలవడానికి ఆరు నెలలు, ఏడాది ముందు నుంచి తెల్లబట్ట కొద్దిగా కనబడుతుంది. వాసన, దురద, మంట లేకపోతే దానికి మందులు అక్కర్లేదు. దీన్ని ఇన్ఫెక్షన్ అనుకుని యాంటీబయాటిక్స్ వాడేస్తున్న తల్లులు చాలామంది ఉన్నారు.

ఎత్తు గురించి మీ భయం అర్థమైంది. మీ ఇద్దరి ఎత్తులు కలిపి, అందులోంచి 13 తీసేసి, రెండుతో భాగిస్తే 155 వస్తుంది. మీ ఇంటి ఆడపిల్లకు ఆశించదగిన ఎత్తు సుమారుగా అది, కొన్ని సెంటీమీటర్లు అటూ ఇటూగా. ఎదుగుదల మొదలైనప్పటి నుంచి ఆగేదాకా ఆడపిల్లలు ఇంచుమించు 20 నుంచి 25 సెంటీమీటర్లు పెరుగుతారు. పాప ఇప్పుడు 129 ఉంది. కూడి చూసుకుంటే మీ ఎత్తుకు దగ్గరగానే వస్తుంది. పీరియడ్స్ మొదలయ్యాక కూడా ఇంకో 5 నుంచి 7 సెంటీమీటర్లు పెరుగుతుంది, ఒక్కసారిగా ఆగిపోదు.

మరి ఆ ఇంజెక్షన్లు? అవి నిజంగానే ఉన్నాయి, అవసరమైన పిల్లలకు చాలా మేలు చేస్తాయి. మెదడు నుంచి అండాశయాలకు వెళ్ళే సంకేతాన్ని అవి తాత్కాలికంగా ఆపుతాయి. నెలకొకసారి, లేదా మూడు నెలలకొకసారి చొప్పున ఏళ్ళ తరబడి వేయాలి. ఐదారేళ్ళకే రొమ్ములు వచ్చిన పిల్లల్లో వాటివల్ల ఎత్తు నిలబడుతుంది. 8 దాటాక మొదలైన పిల్లల్లో ఎత్తుకు కలిసొచ్చేది దాదాపు ఏమీ ఉండదు. మీ పాపకు ఈ రోజున ఆ ఇంజెక్షన్ కావాలని నేను అనుకోవడం లేదు. రక్తపరీక్షలు, చేతి ఎముకల ఎక్స్‌రే, పొట్ట స్కానింగ్ లాంటివన్నీ 8 లోపు మొదలైతేనో, మార్పులు మరీ వేగంగా ఉంటేనో చేయిస్తాం.

ఆ వేగాన్ని మీరు ఇంట్లోనే కనిపెట్టవచ్చు. చెప్పులు లేకుండా, జడ విప్పి, మడమలు, పిరుదులు, వీపు గోడకు ఆనేలా పాపను నిలబెట్టండి. తలమీద అట్ట గట్టిగా ఉన్న పుస్తకం ఒకటి గోడకు సమకోణంలో పెట్టి, దాని కింద అంచు దగ్గర పెన్సిల్ గీత గీసి, టేపుతో కొలవండి. ఎప్పుడూ ఉదయం పూటే కొలవండి, సాయంత్రానికి అందరం కాస్త కుంగుతాం. నెలనెలా కొలవడం వల్ల ప్రయోజనం లేదు, అర సెంటీమీటర్ తేడా కొలతలోనే వస్తుంది. మూడు నెలలకొకసారి చాలు. తేదీ వేసి రాసి పెట్టండి, బరువు కూడా. ఆరు నెలల్లో రొమ్ములు రెండూ చకచకా పెరిగిపోయినా, పదేళ్ళలోపే రక్తస్రావం కనబడినా ఆగకుండా చూపించాలి. తలనొప్పితో వాంతులు, చూపు మసకబారడం, ఒంటిమీద పెద్ద పెద్ద గోధుమరంగు మచ్చలు లాంటివి ఉన్నా అంతే.

బ్రాయిలర్ కోడి మాట దాదాపు ప్రతి ఇంట్లోనూ వింటాను. మీ అత్తగారి ఆందోళన పాపమీద ప్రేమతోనే, కానీ కోడికి ఆ పాపం అంటగట్టక్కర్లేదు. త్వరగా పెరిగే జాతులను తరాల తరబడి ఎంచి పెంచడం వల్ల, మంచి దాణా వల్ల ఆ కోళ్ళు ఆరు వారాల్లోపే రెండు కిలోలు దాటుతాయి. వేల కోళ్ళున్న షెడ్డులో ఒక్కోదాన్ని పట్టుకుని రోజూ హార్మోన్ ఇంజెక్షన్ చేసేవాళ్ళెవరూ ఉండరు. ఎదుగుదల హార్మోన్‌ను దాణాలో కలిపినా కోడి కడుపులో అరిగిపోతుంది. కోళ్ళకు యాంటీబయాటిక్స్ విచ్చలవిడిగా వాడటం వేరే సమస్య, దానికీ దీనికీ సంబంధం లేదు. నువ్వులు, బొప్పాయి లాంటి ‘వేడి’ చేసేవాటివల్ల పిల్లలు త్వరగా పెద్దమనిషి అవుతారన్నదీ నిజం కాదు. గుడ్డు, చికెన్, పప్పు, పల్లీలు, పాలు అన్నీ పెట్టండి. ఎముకలకూ కండకూ పునాది పడేది ఈ నాలుగైదేళ్ళలోనే.

రుజువున్న సంబంధం బరువుతో ఉంది. ఒంట్లో కొవ్వు ఎక్కువైతే, ఎదగడానికి నిల్వలు సరిపోయాయన్న కబురు మెదడుకు ముందే అందుతుంది. 129 సెంటీమీటర్లకు 31 కిలోలంటే కొంచెం ఎక్కువే. అలాగని పాప అన్నం తగ్గించవద్దు, ‘లావైపోయావు’ అని ఒక్క మాట కూడా అనవద్దు. కూల్‌డ్రింకులు, చిప్స్ ప్యాకెట్లు ఇంట్లోకి తేవడం మానేయండి, అదీ ఇంటిల్లిపాదికీ. రోజూ గంటసేపు చెమట పట్టేలా ఆడనివ్వండి. రాత్రి తొమ్మిదిన్నరకల్లా పడుకోబెట్టండి.

ఇప్పుడు, మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ బాధపెట్టిన విషయం. ముగ్గురు పెద్దవాళ్ళు నొక్కి చూశారని రాశారు. పాపకు ఎవరేం చెప్పారో రాయలేదు. బహుశా ఎవరూ ఏమీ చెప్పి ఉండరు. ‘గడ్డ’, ‘ఆపరేషన్’ అన్న మాటలు పక్కగదిలోంచి ఆ పిల్ల వినే ఉంటుంది. ఇలాంటి పిల్లలు మా దగ్గరికి వచ్చినప్పుడు చేతులు రెండూ ఛాతీకి అడ్డం పెట్టుకుని, తల వంచుకుని కూర్చుంటారు. డ్రిల్ పీరియడ్ వచ్చిందంటే కడుపునొప్పి అని క్లాసులోనే ఉండిపోతారు. అమ్మకు చెప్పనిది మాకు చెబుతారు: ‘నేను చచ్చిపోతానా?’ అని. తొమ్మిదేళ్ళ పిల్ల మోయాల్సిన భయం కాదది.

ఈ రోజే, ఇద్దరే ఉన్నప్పుడు చెప్పండి. కష్టమైన మాటలేమీ అక్కర్లేదు. ‘నీకు నొప్పిగా ఉన్నది రోగం కాదు తల్లీ. నువ్వు పెద్దవుతున్నావు. అమ్మకూ ఇలాగే వచ్చింది, అత్తకూ వచ్చింది. రెండోవైపు కూడా వస్తుంది. నిన్ను అడక్కుండా అందరూ ముట్టుకుని చూశారు, అది తప్పు. ఇకమీదట ఎవరూ ముట్టుకోరు. డాక్టర్ చూసినా నీ పక్కన నేనుంటాను.’ ఈ చివరి మాటలు తప్పకుండా చెప్పండి. తన ఒంటిని ఎవరైనా ముట్టుకోబోతే వద్దనే హక్కు తనకుందని పిల్లలు నేర్చుకునేది ఇంట్లోనే. ఇకనుంచి తన స్నానం తననే చేయనివ్వండి. తలస్నానానికి సాయం కావాలంటే తనే పిలుస్తుంది.

పీరియడ్స్ గురించి పదేళ్ళు నిండేలోపు చెప్పేయండి. ఏమీ తెలియకుండా బడిలో రక్తం చూసుకున్న పిల్లలు దెబ్బ తగిలిందనుకుని హడలిపోతారు. ప్యాడ్ విప్పి చూపించండి, లోదుస్తులకు ఎలా అంటించాలో తన చేతే చేయించండి. తర్వాత ఒక ప్యాడ్, ఒక జత లోదుస్తులు చిన్న సంచిలో పెట్టి బడి బ్యాగులో ఉంచండి. రజస్వల అయినప్పుడు చిమ్మిలి పెట్టడం, నలుగురు ఆడవాళ్ళు దగ్గర కూర్చోవడం మంచి విషయాలే. మూల కూర్చోబెట్టి రోజుల తరబడి బడి మాన్పించడం మాత్రం వద్దు. ఫంక్షన్ చేయాలా వద్దా అన్నది, ఫ్లెక్సీ మీద ఫొటో వేయాలా అన్నది అప్పుడు తననే అడగండి. నాన్నకూ ఒక మాట. కూతురు ఎదుగుతోందని తెలిసి చాలామంది తండ్రులు ఒక్కసారిగా దూరం జరిగిపోతారు. తను ఏదో తప్పు చేశానని పిల్ల అనుకుంటుంది. బండి మీద బడికి తీసుకెళ్ళడం, హోంవర్క్ చేయించడం ఏవీ ఆగకూడదు.

బాబు సంగతి. మగపిల్లల్లో మొదటి మార్పు మీసం కాదు, గొంతు మారడం కాదు. వృషణాలు పెద్దవవడం. ఇంట్లో ఎవరికీ తెలియకుండా అది మొదలైపోయి ఉండవచ్చు. మేము రకరకాల సైజుల పూసలున్న దండ ఒకటి పెట్టుకుని పోల్చి చూస్తాం, నిమిషంలో తేలిపోతుంది. మగపిల్లలు గబగబా పొడవయ్యేది ఈ మార్పులు సగం దారి దాటాకే, అందుకే ఆరేడు తరగతుల్లో ఆడపిల్లలు వాళ్ళకంటే ఎత్తుగా కనిపిస్తారు. మీవారు ఎప్పుడు పెరిగారో అడగండి. ‘టెన్త్ దాకా పొట్టే, ఇంటర్‌లో పెరిగాను’ అంటే బాబుదీ అదే దారి కావచ్చు. బడి రికార్డుల్లో పాత ఎత్తులు దొరికితే తీసి ఉంచండి. ఏడాదికి ఐదు సెంటీమీటర్ల చొప్పున పెరుగుతూ వస్తుంటే ధైర్యంగా ఉండవచ్చు. నాలుగు కూడా లేకపోతే థైరాయిడ్, రక్తహీనత, అరుగుదల సమస్యల్లాంటివి వెతకాలి. ఎత్తు పెంచుతాయనే పొడుల మీద డబ్బు పోయవద్దు. నిద్రలో వీర్యం పోవడం, కొన్నాళ్ళు చనుమొనల కింద నొప్పిగా ఉబ్బడం మామూలేనని వాళ్ళ నాన్న చేత ముందుగానే చెప్పించండి. మగపిల్లలకు ఈ మాటలు చెప్పేవాళ్ళు ఆడపిల్లలకంటే తక్కువ.

14 నిండే వరకు ఎదురుచూడకుండా బాబును వచ్చే సెలవుల్లోనే పీడియాట్రిక్ ఎండోక్రైనాలజిస్ట్‌కు చూపించండి. పాపను కూడా అదే రోజు తీసుకెళితే ఇద్దరి సంగతీ ఒకేసారి తేలుతుంది. మీరు రాసిపెట్టిన కొలతల కాగితం, వాళ్ళ టీకాల కార్డులు వెంట తీసుకెళ్ళండి. పాపకు 9 నిండాక గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా హెచ్‌పీవీ టీకా వేయించవచ్చు. 15 లోపు మొదలుపెడితే ఆరు నెలల తేడాతో రెండు డోసులు సరిపోతాయి. ఎప్పుడు వేయించాలో అక్కడే అడిగి తేదీ రాయించుకోండి.