కాలేయ క్యాన్సర్‌కు కలిపి ఇచ్చే చికిత్సలకు నానో రేణువులు ఎలా తోడ్పడతాయి?

రెండు మందులను విడివిడిగా రక్తంలోకి ఎక్కించినప్పుడు ఒక్కొక్కటి ఒక్కో వేగంతో విచ్ఛిన్నమవుతుంది కాబట్టి, ప్రయోగశాలలో బాగా పనిచేసిన పాళ్లు కణితిని చేరేసరికి మారిపోతాయి. రెండింటినీ ఒకే నానో రేణువులో నింపితే ఆ పాళ్లను చాలావరకు నిలపవచ్చు. అయితే ఇలా ఇచ్చిన రేణువుల్లో అధికభాగం కాలేయానికే చేరినా, అక్కడ ఉండే కుఫ్ఫర్ కణాలనే రోగనిరోధక కణాలు వాటిని మింగేస్తాయి కనుక కణితికి దక్కేది తక్కువే.

మందును వేడితో జతచేసిన థర్మోడాక్స్‌ను ఇక్కడ తప్పక చెప్పుకోవాలి. రేడియో తరంగాలతో కణితిని కాల్చినప్పుడు మధ్యభాగం నశించినా అంచుల్లో కొన్ని క్యాన్సర్ కణాలు మిగిలిపోవచ్చు. డాక్సోరుబిసిన్ అనే క్యాన్సర్ మందు నింపిన ఈ కొవ్వు పొరల రేణువులు సుమారు 40 డిగ్రీల సెల్సియస్ వద్ద తెరుచుకుంటాయి కాబట్టి, ఆ అంచుల వెచ్చదనమే మందును సరిగ్గా అక్కడ విడుదల చేయాలన్నది ఆలోచన. ఎంతో సహేతుకంగా తోచే ఈ పద్ధతి 701 మంది రోగులతో జరిగిన ‘హీట్’ అనే పరీక్షలో ఆశించిన ఫలితం ఇవ్వలేదు. కణితిని కనీసం 45 నిమిషాలపాటు వేడిచేసినవారిలో మేలు కనిపించినట్లు తర్వాతి విశ్లేషణలో తేలడంతో ఆప్టిమా పరీక్ష చేపట్టారు. 2020లో అందులోనూ ఆయుర్దాయం పెరగలేదని తేలింది.