1950ల సినిమాలు మూడు గంటలు దాటి ఉండేవి కదా, అప్పటి జనం అంతసేపు బోర్ కొట్టకుండా ఎలా చూసేవారు?

అడిగినవారు ఇంకో మాట కూడా చేర్చారు, 'మాయాబజార్' రెండుసార్లు మొదలుపెట్టి గంటకే ఆపేశానని. మొహమాటపడకుండా ఒప్పుకున్నందుకు సంతోషం. నిజం చెప్పాలంటే మేము కూడా ఏకబిగిన మూడు గంటలు చూడలేదు. చూసే వీలే ఉండేది కాదు.

మాది తెనాలికీ రేపల్లెకీ మధ్య ఒక పల్లెటూరు. నేను 1959లో పుట్టాను. అప్పటికే 'మాయాబజార్' వచ్చి రెండేళ్ళు. అయినా మా ఊళ్ళో పాత సినిమా అనే మాటే లేదు. నాకు పదేళ్ళప్పుడు డేరా హాల్లో 'పాతాళభైరవి' పడితే అది మాకు కొత్త సినిమాయే. ప్రింటు మీద వాన కురిసినట్టు గీతలు. ఎవరికి పట్టింది? విజయవాడ గాంధీనగర్ నుంచి ఫిలిం పెట్టె బస్సు టాపు మీద వచ్చేది. 'పెట్టె దిగింది' అన్న కబురు అందితే ఆ పూట అందరి ఇళ్ళలో వంటలు పెందలాడే అయిపోయేవి. చీకటి పడే వేళకి మైకులో ఘంటసాల 'నమో వెంకటేశా' వినపడేది. టిక్కెట్లు ఇస్తున్నారని గుర్తు అది. ఇప్పటికీ ఏ గుళ్ళో ఆ పాట విన్నా నాకు భక్తి కంటే ముందు వేరుశెనగకాయల వాసన గుర్తొస్తుంది, ఏం చేయను.

మా చిన్న మావయ్య ఆ హాల్లో ఆపరేటరు. అందుకని నేల టిక్కెట్టు పావలా కూడా పెట్టక్కర్లేకుండా నేను క్యాబిన్‌లో నిలబడి చూసేవాణ్ణి. ఉన్నది ఒక్కటే ప్రొజెక్టరు. వెయ్యి అడుగుల రీలు పదకొండు నిమిషాలు ఆడుతుంది. 'మాయాబజార్' లాంటి దానికి అలాంటివి పదహారు పదిహేడు కావాలి. మావయ్య మధ్యాహ్నమే కూర్చుని ఆ రీళ్ళని అతికించి, పెద్ద స్పూళ్ళకి చుట్టి, సినిమాని నాలుగు పార్టులు చేసేవాడు. ఒక పార్టు అయిపోగానే లైట్లు వేయాలి, స్పూలు మార్చాలి. అంటే మూడు ఇంటర్వెల్స్. సుమారు ముప్పావుగంట సినిమా, కాసేపు విరామం, మళ్ళీ ముప్పావుగంట.

మొదటి ఇంటర్వెల్‌లో మరమరాలు, గోలీసోడా. రెండోదానికి నిద్రపోయిన పిల్లల్ని ఒళ్ళోంచి గోనెపట్టా మీదకి దింపేవారు. మూడోదానికి మా అమ్మమ్మ దడి అవతలికి వెళ్ళి చుట్ట కాల్చుకుని వచ్చేది. ఈలోగా ఆడవాళ్ళ వైపు, మగవాళ్ళ వైపు కథ మీద తీర్పులు నడుస్తుండేవి. శకుని ఇప్పుడేం చేస్తాడో తెలియనివాళ్ళు ఎవరూ లేరు. అయినా పందేలు కట్టేవారు.

పార్టు నడుస్తున్నంతసేపూ మావయ్యకి ఊపిరాడేది కాదు. వెలుగు కోసం లోపల రెండు కార్బన్ పుల్లలుండేవి. వాటి కొసల మధ్య మంట కళ్ళు పోయేంత తెల్లగా మండేది. పుల్లలు కాలి తరిగేకొద్దీ మర తిప్పుతూ దగ్గరికి జరపాలి. తిప్పడం మరిస్తే తెర పసుపెక్కి, తర్వాత మసకేసి, కింద నుంచి ఈలలు. ఒకసారి 'అహ నా పెళ్ళియంట' పాటకి సావిత్రి ఎగిరెగిరి నటిస్తుంటే మావయ్య మర వదిలేసి కిటికీ దగ్గర నిలబడిపోయాడు. తెర ఆరిపోయేదాకా చూసుకోలేదు. ఆ రాత్రి ఓనరు తిట్లు నేనూ విన్నాను.

అంతకంటే పెద్ద పొరపాటు ఇంకోటుంది. అతికించేటప్పుడు ఒక రీలు ముందుది వెనక్కి వెళ్ళిపోయింది. ఘటోత్కచుడు 'వివాహ భోజనంబు' పాడి గంగాళాలు ఖాళీ చేసేశాక, మగపెళ్ళివారి విడిదిగా వాడు సృష్టించే మాయాబజారు అప్పుడు వెలిసింది! హాల్లో ఒక్కరూ గొడవ చేయలేదు. మా అమ్మమ్మ మాత్రం ఇంటికొచ్చాక అడిగింది, "ఒరేయ్, విడిదే కట్టలేదు, వాడు అప్పుడే భోజనాలు తినేశాడేంట్రా?" అని.

గొడవ ఎందుకు చేయలేదంటే, వాళ్ళు కథ తెలుసుకోవడానికి వచ్చినవాళ్ళు కాదు. మాయాబజార్ కథ సురభి వాళ్ళ నాటకంగా ఊళ్ళకి ఎప్పుడో తెలుసు. 'హరిశ్చంద్ర' నాటకం వేస్తే రాత్రి పదింటికి మొదలై కాటిసీను వచ్చేసరికి తెల్లవారుజాము అయ్యేది. మంచి పద్యం పడితే వన్స్‌మోర్, ఇంకోసారి వన్స్‌మోర్. అలా తెల్లవార్లూ కూర్చున్నవాళ్ళకి మూడు గంటలు ఒక లెక్కా? పైగా రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో ముడి ఫిలిం కొరత వల్ల సినిమా పదకొండు వేల అడుగులు దాటకూడదని ప్రభుత్వం ఆంక్ష పెట్టింది. అంటే రెండు గంటలు. యుద్ధం అయిపోయి ఆ కట్టు తెగాక నిడివి మళ్ళీ మూడు గంటలకి చేరిందంటే, జనానికి అలవాటైన కొలత అదేనన్నమాట.

అలాగని పొడుగు సినిమాలన్నీ ఇష్టమొచ్చినట్టు సాగదీసినవని అనుకోవద్దు. 'మాయాబజార్' తీసిన కె.వి.రెడ్డి గారు నటుల చేత రిహార్సల్స్ చేయించి, స్టాప్‌వాచ్ పెట్టి టైము చూసుకుని, పాటలతో సహా సినిమా ఎంత నిడివి వస్తుందో షూటింగ్‌కి ముందే తేల్చుకునేవారట. క్యాబిన్‌లో నిలబడి పదిసార్లు చూసినవాడిగా చెబుతున్నాను, దాంట్లో తీసేయదగ్గ సీను నాకు కనపడలేదు. 'మిస్సమ్మ' కూడా అంతే. 'దేవదాసు' రెండో సగం మాత్రం నాకు ఇప్పటికీ బరువే. పాటలు లేకపోతే లేచి వెళ్ళిపోయేవాణ్ణి. నాగేశ్వరరావు గారి అభిమానులు క్షమించాలి. ఇక చాలా సినిమాల్లో హాస్యగాళ్ళ జంటకి విడిగా పెట్టిన ట్రాకు వస్తే సగం హాలు బీడీ కోసం బయటికి నడిచేది.

కాబట్టి మీరు ఈసారి రాత్రి భోంచేసి, ఫోన్ పక్కన పడేసి, ముప్పావుగంట చూసి ఆపేయండి. లేచి ఏదైనా తినండి. ఇంట్లో వాళ్ళతో శకుని గురించి రెండు మాటలు మాట్లాడండి. మళ్ళీ కూర్చోండి. ఒక్కరే చూడొద్దు, అది ముఖ్యం.

మావయ్యకి ఇప్పుడు ఎనభైకి దగ్గర పడుతోంది. టీవీలో పాత సినిమా వస్తే పక్కన కూర్చుంటాను. రీలు చివర్లో, అది అయిపోవస్తోందని ఆపరేటరుకి గుర్తుగా, తెర మీద కుడివైపు పై మూల ఒక చిన్న చుక్క మెరిసి మాయమవుతుంది, మామూలు కంటికి ఆనదు. ఆయనకి ఆనుతుంది. "చుక్క పడింది" అంటాడు. చెయ్యి కుర్చీ పక్కన ఉన్న లైటు స్విచ్చి వైపు వెళుతుంది.