బొంత ముక్కల మీద ఇస్త్రీ పెట్టెను తోయకండి, ఒత్తండి

ప్రశ్న: మా అమ్మ పాత నేత చీరలతో అతుకుల బొంత కుడుతున్నాను. ముక్కలు కలిపి కుట్టే ఒక్కో చదరం, అదే బ్లాకు, 6½ అంగుళాలు రావాలి. కొలిచే కోస్తున్నాను, కుట్టు కూడా తిన్నగానే పడుతోంది. కానీ ఇస్త్రీ చేశాక ఒకటి 6¾ ఉంటోంది, ఇంకొకటి ఒక మూల సాగి గాలిపటంలా అయిపోతోంది. అమ్మ చీరలు కదా, పాడవుతాయేమోనని టెన్షన్‌గా ఉంది. తప్పు ఎక్కడ జరుగుతోంది?
– ఒక పాఠకురాలు, మల్కాజిగిరి

జవాబు: మీ కోతలోనూ కాదమ్మా, కుట్టులోనూ కాదు, ఇస్త్రీ దగ్గర జరుగుతోంది. చీరకో చొక్కాకో ఇస్త్రీ చేసేటప్పుడు పెట్టెను ముందుకీ వెనక్కీ తోస్తాం, అక్కడ ముడత పోతే చాలు కాబట్టి అది సరిపోతుంది. కుట్టిన బ్లాకు మీద అదే పని చేస్తే, వేడికీ తడికీ మెత్తబడిన నూలు పెట్టె ఎటు పోతే అటు సాగుతుంది, చల్లారాక అలాగే బిగుసుకుపోతుంది. అందుకే పెట్టెను నిటారుగా దించండి, రెండు మూడు సెకన్లు ఉంచండి, పూర్తిగా పైకెత్తి పక్క చోట దించండి. బట్ట మీద ఉండగా పెట్టె జరగకూడదు. మనకు అలవాటైన చేయి కదా, మొదటి రోజు పదిసార్లు మర్చిపోతారు, ఫరవాలేదు.

ఎక్కువ సాగేది ఏ వైపో తెలిస్తే సగం పని అయినట్టే. జాకెట్టుకి క్రాస్ కట్టింగ్ ఎందుకు పెట్టిస్తాం? బట్టను ఏటవాలుగా కోస్తే సాగుతుంది, ఒంటికి పట్టి కూర్చుంటుంది. జాకెట్టులో మనం కోరుకునే ఆ సాగుడే త్రికోణం ముక్క వాలు అంచులో మనకు శత్రువు. పడుగు పోగు వెంబడి బట్ట దాదాపు సాగదు, పేక, అంటే అడ్డం పోగు వెంబడి కొంచెం సాగుతుంది, ఈ రెంటికీ మధ్య ఏటవాలులో బాగా సాగుతుంది. మీ అమ్మగారి చీరలో పడుగు చీర పొడవునా, అంటే బార్డర్ వెంబడి ఉంటుంది. ముక్క కోసేటప్పుడే బార్డర్ ఏ వైపో తెలిసేలా చాక్‌తో చిన్న గీత పెట్టుకోండి, తర్వాత వెతుక్కోనక్కర్లేదు.

ఇప్పుడు వరస చెబుతాను. కుట్టు పడగానే ముక్కలు విప్పొద్దు. రెండు ముక్కలూ ఒకదాని మీద ఒకటి ఉండగానే కుట్టు మీద ఒకసారి ఒత్తండి, దారం బట్టలోకి కూర్చుంటుంది. ముదురు రంగు ముక్క పైకి వచ్చేలా బోర్డు మీద పెట్టి, దాన్ని వేళ్లతో తెరిచి, గోటితో కుట్టు వెంబడి మెల్లగా నొక్కుతూ పోండి. ఆ తర్వాతే పెట్టె దించండి. ఇలా చేస్తే లోపలి మార్జిన్ ముదురు వైపుకే పడుకుంటుంది, లేత బట్ట కింద నుంచి చారలా కనబడదు. తెరిచేటప్పుడు కుట్టు దగ్గర చిన్న మడత మిగిలిపోతే బ్లాకు ఆ మేరకు చిన్నదవుతుంది, అది కూడా చూసుకోండి. ఒత్తిన ముక్కను వేడి మీద చేత్తో పట్టి లాగొద్దు, బోర్డు మీదే చల్లారనివ్వండి.

నేను మొదట కుట్టిన బొంతలో వరసకు 8 బ్లాకులు. ఒక్కో బ్లాకు అంగుళంలో ఎనిమిదో వంతు సాగితే ఏమవుతుందిలే అనుకున్నాను. ఎనిమిది కలిసేసరికి అంగుళం తేడా వచ్చింది, నడిమి వరసలు పొంగి నేలమీద పరిస్తే ఆనలేదు. మూడు వరసలు విప్పి మళ్లీ కుట్టాను. అందుకే చెబుతున్నాను, ప్రతి బ్లాకునూ అప్పటికప్పుడే స్కేలు పెట్టి కొలవండి.

ఇప్పటికే సాగినవాటిని పారేయకండి. అట్ట మీద పెన్సిల్‌తో 6½ అంగుళాల చదరం గీసి దాన్ని ఇస్త్రీ బోర్డు మీద పెట్టండి, బ్లాకు మీద కాస్త నీళ్లు చిలకరించి, మూలలు గీతకు చేర్చి గుండుసూదులు గుచ్చి ఆరనివ్వండి. ఆరాక సూదులు తీసి పై నుంచి ఒత్తండి. కొద్దిపాటి తేడా అయితే దీంతో సర్దుకుంటుంది. పావు అంగుళం దాటి సాగిందంటే మాత్రం విప్పి కుట్టడమే మేలు.

ప్రశ్న: త్రికోణాలు విడిగా కోస్తే తప్పకుండా సాగిపోతున్నాయి. వేరే దారి ఉందా?
– కూకట్‌పల్లి

జవాబు: ఉంది. త్రికోణాలుగా కోయకుండా 4 అంగుళాల చదరాలు రెండు, లేతదొకటి ముదురుదొకటి, మంచి వైపులు కలిపి పెట్టండి. మూల నుంచి మూలకు గీత గీసి, దానికి అటూ ఇటూ పావు అంగుళం దూరంలో కుట్టు వేయండి. గీత మీద కోయకముందే ఒకసారి ఒత్తండి, ఇది ముఖ్యం, ఎందుకంటే అప్పటికి వాలు అంచు ఇంకా బయటపడలేదు. తర్వాత కోసి తెరిస్తే సగం లేత, సగం ముదురు ఉన్న చదరాలు రెండు వస్తాయి, 3½ అంగుళాలకు సమంగా కత్తిరించుకోండి. తెరిచి ఒత్తేటప్పుడు పెట్టె మొనను వాలు కుట్టు వెంబడి తోయొద్దు.

ప్రశ్న: గంజి పెట్టొచ్చా? స్టీమ్ వాడొచ్చా?
– దిల్‌సుఖ్‌నగర్

జవాబు: గంజి పెట్టండి, కానీ ముక్కలు కోయకముందు. మంగళగిరి నూలు, పోచంపల్లి ఇక్కత్ లాంటి మెత్తని నేత బట్టలకు ఇది బాగా పనికొస్తుంది. ముందు ఉతికి ఆరేయండి, బట్ట ముడుచుకోవాల్సింది అప్పుడే ముడుచుకుపోతుంది. తర్వాత పల్చని బియ్యం గంజిని పాత పంచె గుడ్డలో వడగట్టి ముంచండి, ఉండలు ఉంటే ఇస్త్రీ కింద మాడి గోధుమరంగు మచ్చలు పడతాయి. గంజి బాగా ఆరాకే ఇస్త్రీ చేయండి, అప్పుడు బట్ట కాగితంలా నిలబడుతుంది, కోయడానికీ కుట్టడానికీ హాయి. బొంత పూర్తయ్యాక ఒకసారి ఉతికి దాచండి, గంజి వాసనకు బీరువాలో పురుగులు చేరతాయి, మన వానాకాలంలో మరీనూ.

స్టీమ్ విషయంలో నేను కాస్త గట్టిగానే ఉంటాను. కోయకముందు బట్టకు ఎంతైనా వాడండి. వాలు అంచులున్న బ్లాకు మీద మాత్రం అలవాటు పడేదాకా వద్దు, పొడి వేడి చాలు. పెట్టె మీద మూడు చుక్కల గుర్తు నూలుకి, అంటే సుమారు 200 డిగ్రీల వేడి. చీరల్లో జార్జెట్ కూడా కలిసి ఉంటే వేడి తగ్గించి పైన నూలు గుడ్డ వేసి ఒత్తండి. ఇక్కత్ ఎరుపు రంగు దిగుతుందేమో అనుమానం ఉంటే, తడి తెల్ల గుడ్డ పరిచి ఒక మూల ఒత్తి చూడండి.

ప్రశ్న: వీధి చివర ఇస్త్రీ బండి అతనికి బ్లాకులు ఇచ్చేయొచ్చా? పని తగ్గుతుంది కదా.
– అంబర్‌పేట

జవాబు: మీటర్ల బట్ట ఇవ్వండి, బ్లాకులు వద్దు. బొగ్గుల పెట్టె బరువుకి కోయని బట్ట చక్కగా చదునవుతుంది, అతని చేతి పని మనకన్నా బాగుంటుంది. కానీ అతను నీళ్లు చల్లి తోసేస్తాడు, చొక్కాలకు అలాగే చేయాలి మరి. కుట్టిన ముక్కలు మన బోర్డు మీదే.

బోర్డు కూడా మెత్తగా ఉండకూడదు. దూది పరుపులా ఉంటే పెట్టె కింద బట్ట లోపలికి కుంగి సాగుతుంది. నేను గట్టి బల్ల మీద ఉన్ని దుప్పటి ఒక్క మడత వేసి, పైన తెల్ల నూలు గుడ్డ బిగించి వాడతాను.

ప్రశ్న: పొడుగు పట్టీలు కలిపి కుడితే విల్లులా వంగిపోతున్నాయి.
– ఉప్పల్

జవాబు: ఒక పట్టీని ఈ చివర నుంచి కుడితే తర్వాతిదాన్ని ఆ చివర నుంచి మొదలుపెట్టండి. నాలుగు కలిపాక ఒకేసారి ఒత్తుదామని ఆగకుండా, ఒక్కో కుట్టుకీ ఒత్తుకుంటూ వెళ్లండి. ఒత్తేటప్పుడు పట్టీని బోర్డుకి అడ్డంగా, కొలబద్దలా తిన్నగా పరచండి, కిందికి వేలాడే కొసను కుర్చీ మీద పెట్టండి, లేకపోతే దాని బరువే పట్టీని లాగేస్తుంది.