ఫైట్ సీన్ల గురించి రాస్తున్న యువ రచయితకు

తమ్ముడికి ఆశీస్సులు.

నువ్వు పంపిన వ్యాసం శ్రద్ధగా చదివాను. రకరకాల యుద్ధవిద్యలవాళ్లు తలపడే మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ (ఎంఎంఏ) పోటీలు వచ్చాక కుంగ్‌ఫూ, కరాటే సినిమాల మోజు పోయిందని నీ వాదన. నీకు ఆ సినిమాలంటే ప్రాణమని ప్రతి పేరాలోనూ తెలుస్తోంది, అందుకే ఇంత పెద్ద జవాబు రాస్తున్నాను. ‘మోజు పోయింది’ అన్నచోటే నువ్వు ఆగిపోయావు. పోయినది ఏమిటో, దాని చోటులోకి ఏం వచ్చిందో చెప్పకపోతే వ్యాసం ఒక ఫిర్యాదుగా మిగిలిపోతుంది. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఆ పోటీలు సినిమా పోరుకు అంతవరకు ఉన్న సాక్ష్యబలాన్ని తీసేశాయి. పూర్వం ప్రేక్షకుడు తెరమీద చూసి, ఇలాంటి మొనగాళ్లు ఎక్కడో నిజంగా ఉన్నారని నమ్మేవాడు. ఇప్పటి ప్రేక్షకుడికి నిజమైన పోరు ఎలా ఉంటుందో తెలుసు, తెలిసే సినిమాకు వస్తున్నాడు. వచ్చి ఏం చూస్తున్నాడన్నదే నువ్వు రాయవలసిన విషయం.

ఆ పాత నమ్మకం ఎంత బలమైనదో ముందు పాఠకుడికి చెప్పు. 1973 జూలైలో బ్రూస్ లీ చనిపోయాడు, మరుసటి నెలలో ‘ఎంటర్ ది డ్రాగన్’ అమెరికాలో విడుదలైంది. ఆ తరం వాళ్లు అతన్ని కేవలం నటుడిగా చూడలేదు, తెరమీద చేసినదంతా బయట కూడా చేయగలిగిన మనిషిగా చూశారు. ఆ నమ్మకాన్ని పరీక్షకు పెట్టే వేదిక అప్పట్లో దాదాపు లేదు. బాక్సర్ బాక్సర్‌తోనూ, జూడో ఆటగాడు జూడో ఆటగాడితోనూ తలపడేవారు. ఏ విద్య గొప్పది అన్న ప్రశ్నకు జవాబు చెప్పే పనిని సినిమా తన తలకెత్తుకుంది. 1988లో వచ్చిన ‘బ్లడ్‌స్పోర్ట్’ కథంతా అదే: రకరకాల విద్యలవాళ్లు ఒక రహస్య పోటీలో తలపడతారు, ఒక్కడు మిగులుతాడు. అది నిజంగా జరిగిన కథ అని సినిమా చెప్పుకుంది. ఆ కథ నిజానిజాల మీద ఆ ఏడాదే పత్రికల్లో అనుమానాలు వచ్చినా, ప్రేక్షకులు వాటిని పట్టించుకోలేదు. నమ్మాలని వాళ్లకే ఉంది.

ఐదేళ్ల తర్వాత ఆ పోటీ బహిరంగంగానే జరిగింది. 1993 నవంబరు 12న డెన్వర్‌లో జరిగిన మొదటి యూఎఫ్‌సీ (అల్టిమేట్ ఫైటింగ్ ఛాంపియన్‌షిప్) పోటీ గురించి నువ్వు ఒక్క వాక్యంతో సరిపెట్టావు. అక్కడ నిలబడు, చూడు, చూపించు. టీవీలో ప్రసారమైన మొదటి పోరులో ఒక భారీ సుమో మల్లుడు తలవంచి ముందుకు దూకుతాడు. ఎదుటివాడైన డచ్ ఫైటర్ వెనక్కి అడుగులు వేసి తప్పుకుంటాడు, ఇతను బరి చుట్టూ ఉన్న కంచె దగ్గర నేలమీద పడిపోతాడు. లేచేలోపే ముఖం మీద ఒక తన్ను పడుతుంది, పన్ను ఊడి ఎగిరిపోతుంది. అర నిమిషం కూడా గడవకుండానే పోరు ముగిసింది. ఉపోద్ఘాతం లేదు, పగ లేదు, గురువు మాట గుర్తుకు రావడం లేదు. ఆ రాత్రి గెలిచినవాడు దాదాపు ఎనభై కిలోల బరువున్న రాయిస్ గ్రేసీ అనే బ్రెజిల్ యువకుడు. ఒకే రాత్రి ముగ్గురిని ఓడించాడు. వాళ్లలో ఒక బాక్సర్ ఒక చేతికి మాత్రమే గ్లోవ్ తొడుక్కుని వచ్చాడు. గ్రేసీ గెలుపులో కళ్లు చెదిరే విన్యాసం ఏదీ లేదు. దగ్గరకు వెళ్లి పట్టుకోవడం, కింద పడేయడం, మీద ఎక్కి కూర్చోవడం, మెడ పట్టుకుని నొక్కడం, అంతే.

ఆ గెలుపు ఏ విద్యను దెబ్బతీసిందన్న చర్చ చాలామంది చేశారు, నువ్వూ చేశావు. దానికంటే పెద్ద సంగతి ఒకటి నీ దృష్టి నుంచి తప్పిపోయింది. ఆ పట్టు దెబ్బతీసింది మధ్యదూరాన్ని. పాత సినిమా పోరంతా ఇద్దరి మధ్య ఉండే ఆ కాలిపొడవు ఖాళీ మీదే నడిచింది. ఆ ఖాళీ ఉంటేనే కాలు పూర్తిగా లేస్తుంది, చేయి పూర్తిగా చాచుకుంటుంది, ఇద్దరి నిలువెత్తు రూపాలు ఒకే ఫ్రేములో ఇముడుతాయి. ఇద్దరూ పెనవేసుకుని నేలమీద పడిపోయాక కెమెరాకు చూపడానికి వీపులు, మోచేతులు తప్ప ఏమీ మిగలవు. సినిమా తరతరాలుగా పోగుచేసుకున్న వ్యాకరణం అక్కడ పనికిరాలేదు.

ఇక్కడే ఒక అన్యాయం జరగకుండా చూసుకో. పాత సినిమా అబద్ధం చెప్పిందని కొట్టిపారేయడం చాలా తేలిక. జాకీ చాన్, సామో హంగ్, యుయెన్ బియావ్ ముగ్గురూ చిన్నతనంలో హాంకాంగ్‌లోని ఒకే పెకింగ్ ఒపేరా (చైనా సంప్రదాయ రంగస్థల కళ) పాఠశాలలో పెరిగినవాళ్లు. వాళ్లు నేర్చుకున్నది ఎదుటివాణ్ణి పడగొట్టే విద్యకంటే ముందు, ఎదుటివాడితో కలిసి లయ తప్పకుండా కదిలే విద్య. వరుసగా నాలుగు దెబ్బలు, ఒక్క క్షణం నిలుపు, మళ్లీ నాలుగు దెబ్బలు అన్న ఆ నడక రంగస్థలం నుంచి వచ్చింది. దాన్ని బరిలో పనికొస్తుందా అని కొలవడం, మంచి నర్తకుణ్ణి పరుగుపందెంలో నిలబెట్టి తూచడం లాంటిది. సహకారం బొత్తిగా లేని పోరు ఎలా ఉంటుందో తెలియాలంటే 1976 జూన్‌లో టోక్యోలో బాక్సర్ ముహమ్మద్ అలీకీ జపాన్ రెజ్లర్ ఆంటోనియో ఇనోకీకీ జరిగిన పోటీని చూడు. పదిహేను రౌండ్లలో చాలా భాగం ఇనోకీ వెల్లకిలా పడుకుని అలీ కాళ్లను తంతూనే ఉన్నాడు. అలీ విసిరిన గుద్దులను వేళ్లమీద లెక్కపెట్టవచ్చు. చివరకు డ్రాగా ప్రకటించారు. నిజం ఎప్పుడూ ఉత్కంఠగానే ఉంటుందని నీ వ్యాసం అనుకుంటోంది. అలా అనుకోవద్దు.

తేదీల విషయంలో కూడా కొంచెం జాగ్రత్తపడాలి. 1993లో పోటీలు వచ్చాయి, సినిమా పడిపోయింది అని నువ్వు కారణాన్నీ ఫలితాన్నీ పక్కపక్కన పెట్టేశావు. కానీ ఫైట్ డైరెక్టర్ యుయెన్ వూ-పింగ్ వైర్లతో మనుషులను గాలిలో నడిపించిన ‘ది మేట్రిక్స్’ 1999లో, ‘క్రౌచింగ్ టైగర్, హిడెన్ డ్రాగన్’ 2000లో వచ్చాయి. ఈ రెండో సినిమాకు నాలుగు ఆస్కార్లు వచ్చాయి. ఆ రోజుల్లో యూఎఫ్‌సీ రాజకీయ నాయకుల వ్యతిరేకత వల్ల అమెరికా కేబుల్ టీవీకి దాదాపు దూరమై ఊపిరి బిగబట్టుకుని బతుకుతోంది. రౌండ్లు, గ్లోవ్స్, నిషిద్ధమైన దెబ్బలు మొదలైనవాటితో ఉమ్మడి నిబంధనలు స్థిరపడ్డాకనే అది క్రీడగా నిలదొక్కుకుంది. 2005 ఏప్రిల్‌లో ఫారెస్ట్ గ్రిఫిన్, స్టీఫన్ బోనర్ అనే ఫైటర్ల పోరు టీవీలో వచ్చాక ఇంటింటికీ చేరింది. పట్టులకూ, కీళ్లను బిగించే తాళాలకూ పేర్లు మామూలు ప్రేక్షకుడి నోట్లోకి వచ్చినది అప్పటినుంచే. మార్పు సినిమాలో కనిపించేదీ సరిగ్గా ఆ కాలంలోనే. 2003లో ‘ఓంగ్-బాక్’ అనే థాయ్ సినిమా వచ్చినప్పుడు టోనీ జా వైర్లు లేకుండా ఎగిరాడన్న సంగతే దానికి పెద్ద ఆకర్షణ అయింది. పోరును నమ్మడం మానేసిన ప్రేక్షకుడు, కనీసం శరీరమైనా నిజమైనదిగా ఉండాలని కోరుకోవడం అప్పుడు మొదలైంది.

2007లో వచ్చిన ‘ఫ్లాష్ పాయింట్’ చివరి పోరును షాటు షాటుగా చూడమని నా సలహా. డోనీ యెన్, కాలిన్ చౌ మొదట పాత పద్ధతిలోనే దూరం పాటించి తన్నుకుంటారు. తర్వాత ఒకడు రెండోవాణ్ణి ఎత్తి పడేస్తాడు, కింద పడ్డాక చేయి మెలిపెట్టే ప్రయత్నం, దాన్నుంచి విడిపించుకోవడం, మళ్లీ లేచి గుద్దులు. నేలమీది పెనుగులాటను ఎలా చూపాలో తెలియక సినిమా పడ్డ ఇబ్బందికి అది ఒక జవాబు. ఏ చేయి ఎవరిదో, ఏ కీలు మీద బరువు పడుతోందో మనకు తెలిసేలా కెమెరాను దించారు, పట్టు బిగిసేదాకా ఆగారు. నువ్వు ‘ఎంఎంఏ ప్రభావం’ అని రాసి వదిలేసినచోట ఇలాంటి ఒక్క వర్ణన ఉంటే పాఠకుడికి ఆ మాట అర్థమయ్యేది.

ఆ క్రీడ సినిమాకు ఇచ్చిన వాటిలో నా మటుకు నాకు అన్నిటికంటే విలువైనది లొంగుబాటు. చేత్తో తట్టి ఓటమి ఒప్పుకోవడం అన్న ఆ చిన్న చేష్ట. పాత కథల్లో ఆఖరి పోరు చాలాసార్లు చావుతోనే ముగిసేది, లేకపోతే దుర్మార్గుడు స్పృహ తప్పేవాడు. ఓడినవాడికి తన ఓటమి మీద ఎలాంటి అధికారమూ ఉండేది కాదు. 2011లో వచ్చిన ‘వారియర్’ చివర్లో ఇద్దరు అన్నదమ్ములు బరిలో ఉంటారు. తమ్ముడి భుజం తప్పిపోయింది, అయినా ఒంటిచేత్తో పోరాడుతూనే ఉంటాడు. అన్న అతని మెడను బిగించి పట్టుకుని, ప్రేమిస్తున్నానని చెబుతాడు, తమ్ముడు తట్టి లొంగిపోతాడు. అక్కడ ఎవరు గెలిచారన్న ప్రశ్నకు విలువ లేకుండా పోయి, లొంగిపోవడమే వాళ్లిద్దరూ ఏళ్ల తరబడి ఎదురుచూసిన మాటగా మారుతుంది. పాత సినిమా వ్యాకరణంలో ఈ ముగింపుకు చోటు బహు తక్కువ. విచిత్రమేమంటే, ‘ఎంటర్ ది డ్రాగన్’ మొదట్లో సామో హంగ్‌తో బ్రూస్ లీ తలపడే సన్నివేశంలో కూడా ఇద్దరికీ వేళ్లు బయటకు కనిపించే చిన్న గ్లోవ్స్ ఉంటాయి, పోరు పట్టుతోనే, లొంగుబాటుతోనే ముగుస్తుంది. ఇరవై ఏళ్ల ముందే తలుపు తీసి ఉంది, లోపలికి ఎవరూ అడుగుపెట్టలేదు.

రెండో బహుమతి అలసట. 2014లో ‘జాన్ విక్’ తీసిన ఇద్దరు దర్శకుల్లో ఒకడైన చాడ్ స్టాహెల్స్కీ, ‘ది మేట్రిక్స్’లో కీయాను రీవ్స్‌కు స్టంట్ డూపుగా చేసినవాడు. అప్పుడు గాలిలో తేలిన అదే హీరోను పదిహేనేళ్ల తర్వాత జూడో విసుర్లతో, నేలమీద పట్టుకుని లొంగదీసే జియు-జిట్సు పట్టులతో నేలకు దించాడు. మధ్యలో ఎక్కువ ఎడిటింగ్ కోతలు లేని షాట్లలో ఆ నటుడి ఊపిరి బరువెక్కడం, కాలు ఈడ్చుకుపోవడం మనకు కనిపిస్తాయి. అసలు పోరులో మూడో రౌండుకు చేతులు ఎలా దిగజారతాయో చూసిన ప్రేక్షకుడికి అలసిపోని హీరో మీద గౌరవం ఉండదు. సినిమా ఆ సంగతి గ్రహించింది.

ఇక అసలైన ఫైటర్లను నటులుగా తీసుకున్న సినిమాల జాబితా నీ వ్యాసంలో ఒక పేజీ ఆక్రమించింది, దాన్ని రెండు వాక్యాలకు కుదించు. ఎంఎంఏ ఫైటర్ జీనా కరానో నటించిన ‘హేవైర్’ తప్ప వాటిలో చెప్పుకోదగ్గవి తక్కువ. బరిలో దెబ్బ తగలడమే లక్ష్యం, షూటింగులో దెబ్బ తగలకుండా తగిలినట్టు చూపడం లక్ష్యం, ఒకదానిలో ఆరితేరినవాడికి రెండోది దానంతటదే రాదు.

బరికీ సినిమాకూ మధ్య అరువు ఒకవైపే జరగలేదని కూడా రాయి. 2010 డిసెంబరులో ఆంథనీ పెటిస్ కంచె మీద కాలుమోపి ఎగిరి తన్నాడు. 2011 ఏప్రిల్‌లో టొరంటోలో లియోటో మచీడా ఎగిరి ఎదురుకాలితో రాండీ కూచర్‌ను పడగొట్టాడు. అది చూసినవాళ్లకు వెంటనే గుర్తొచ్చింది 1984 నాటి ‘ది కరాటే కిడ్’లోని కొంగ తన్ను. తండ్రి దగ్గర కరాటే నేర్చుకున్న మచీడా అప్పటికే ఒకసారి యూఎఫ్‌సీ ఛాంపియన్ అయ్యాడు. సంప్రదాయ విద్యలన్నీ బరిలో తేలిపోయాయన్న నీ తీర్మానం ఈ ఒక్క పేరు ముందే నిలవదు. మరోవైపు, 2017లో చైనాలోని చెంగ్డూలో షూ షియావ్‌డాంగ్ అనే ఎంఎంఏ ఫైటర్ ఒక తాయ్‌చీ గురువును కొద్ది సెకన్లలోనే కుప్పకూల్చిన వీడియో ఆ దేశమంతా చర్చలు రేపింది. ఆ తర్వాత రెండేళ్లకు, 2019లో, ‘ఇప్ మ్యాన్ 4’ వచ్చింది, జనం బాగానే చూశారు. అందులోని హీరో లాంటి వింగ్ చున్ (ఒక కుంగ్‌ఫూ శైలి) గురువు కరాటే మాస్టర్లను ఓడించడం నిజ జీవితంలో సాధ్యమా అని వాళ్లు టికెట్టు కొనేముందు అడగలేదు. ఒక మర్యాదస్తుడు అవమానాన్ని ఎంతవరకు ఓర్చుకుంటాడు, ఏ క్షణాన చేయి ఎత్తుతాడు అన్నదాని కోసం వెళ్లారు. బరిలో గెలుపోటములు తేలుతాయి గానీ, చేయి ఎత్తడానికి మనిషికి ఉన్న కారణం అక్కడ తేలదు. నా వాదనకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు, నీకు నచ్చితే వాడుకో.

రాసే పద్ధతి గురించి కొన్ని మాటలు. ‘అద్భుతమైన’, ‘ఒళ్లు గగుర్పొడిచే’ అన్న విశేషణాలు నీ వ్యాసంలో చాలా ఉన్నాయి. వాటిని తీసేసి, ఆ చోట పాదం ఎక్కడ పడిందో, షాటు ఎంతసేపు నిలిచిందో రాయి. ఫైట్ సీన్‌ను ఒకసారి శబ్దం ఆపేసి చూడు. దెబ్బ బలంలో ఎంత భాగం ఆ చప్పుడు వల్ల వచ్చిందో అప్పుడు తెలుస్తుంది. వీలైతే జియు-జిట్సు నేర్పే చోటికి వెళ్లి ఒక అనుభవజ్ఞుడి చేత పైనుంచి అదిమిపెట్టించుకో. ఛాతీ మీద మనిషి బరువు పడినప్పుడు ఊపిరి ఎలా చిన్నదైపోతుందో తెలిశాక, నేలమీది పోరు నీరసంగా ఉంటుందని రాయవు. పట్టుల పేర్లు తెలుసునని చూపించుకోవడానికి వాటిని గుప్పించకు, పేరు రాసినచోట అది ఏం చేస్తుందో కూడా చెప్పు.

తిరగరాసేటప్పుడు మూడో భాగంతో మొదలుపెట్టు. అక్కడ 1984లో వచ్చిన ‘వీల్స్ ఆన్ మీల్స్’ గురించి ఒక్క వాక్యం ఉంది. ఆ సినిమా చివర్లో జాకీ చాన్‌కు ఎదురు నిలిచిన బెన్నీ ఉర్కీడెజ్ నిజమైన కిక్‌బాక్సింగ్ ఛాంపియన్. అతని తన్ను గాలికి వరుసగా ఉన్న కొవ్వొత్తులు ఆరిపోయే షాటు నీకు గుర్తుండే ఉంటుంది. ఒపేరా బడిలో పెరిగిన నటుడూ, బరిలో గెలిచిన పోరాటగాడూ ఒకే ఫ్రేములో ఉన్నారు. యూఎఫ్‌సీ పుట్టడానికి ఇంకా తొమ్మిదేళ్లు ఉంది. ఎవరు ఎవరి నడకకు సర్దుకున్నారో, ఎక్కడ సర్దుకోలేదో షాటు షాటుగా పట్టుకుని రాసి పంపు. మిగతా భాగాల సంగతి ఆ తర్వాత మాట్లాడుకుందాం.

ఆశీస్సులతో,
అన్నయ్య