వేలాడే గులాబీ కోసం నీట్ వద్దంటున్న అమ్మాయి

ప్రశ్న: మాది నల్లగొండ జిల్లా హాలియా దగ్గర పల్లె. మూడెకరాల భూమి, బత్తాయి అంట్లు కట్టి అమ్మే చిన్న నర్సరీ ఉన్నాయి. అమ్మాయి ఇంటర్ సెకండియర్, బైపీసీ. మార్కులు బాగానే వస్తాయి. నీట్ కోచింగ్‌కు పంపుదామంటే వద్దంటోంది. కుండీలోంచి తీగలా కిందికి వేలాడే చిట్టి గులాబీల్లో కొత్త రకం తయారు చేస్తానంటోంది. మేడ మీద గులాబీ మొగ్గలు విప్పి దారాలు కడుతోంది. ఇది చదువేనా? దీంతో బతుకు గడుస్తుందా? వాళ్లమ్మ రోజూ టెన్షన్ పడుతోంది.

జవాబు: అన్నా, మేడ మీద మీ అమ్మాయి చేస్తున్న పని మీకు కొత్తదేమీ కాదు. గద్వాల వైపు పత్తి విత్తన చేలు చూసే ఉంటారు. సాయంత్రం పూట మొగ్గ ఒలిచి కేసరాలు తీసేస్తారు, మర్నాడు పొద్దున మగ పువ్వు తెచ్చి పుప్పొడి రుద్దుతారు, గుర్తుకు దారం కడతారు. దాన్ని అక్కడ క్రాసింగ్ అంటారు. వేల కుటుంబాలు ఆ పని మీదే బతుకుతున్నాయి. అమ్మాయి అదే పని గులాబీ మీద చేస్తోంది. కాబట్టి ఇది చదువే. సైన్స్‌లో దీనికి ప్లాంట్ బ్రీడింగ్ అని పేరు.

బతుకు సంగతికి వద్దాం. ‘గులాబీ బ్రీడర్ కావలెను’ అని మన దగ్గర ఉద్యోగ ప్రకటన దాదాపు పడదు. ఈ మాట అమ్మాయికి ఇప్పుడే చెప్పండి, దాచొద్దు. అయితే బ్రీడింగ్ తెలిసిన మనిషికి పని దొరకదని దీనర్థం కాదు. బి.పి. పాల్ గారినే చూడండి. ఆయన గోధుమ శాస్త్రవేత్త, 1965లో భారత వ్యవసాయ పరిశోధన మండలికి తొలి డైరెక్టర్ జనరల్ అయ్యారు. దేశం ఆయన్ను గోధుమతో గుర్తుపెట్టుకుంది. ఆయన మాత్రం జీవితాంతం గులాబీల్లో కొత్త రకాలు తీస్తూనే ఉన్నారు. మన కాలంలో ఎం.ఎస్. వీరరాఘవన్ గారు ఆంధ్రప్రదేశ్ కేడర్‌లో ఐఏఎస్ అధికారిగా పనిచేసి, ఉద్యోగం ముందే వదిలి కొడైకెనాల్‌లో గులాబీలు పెంచారు. వేడి ప్రాంతాలకు తట్టుకునే గులాబీ కావాలని మన దేశపు అడవి గులాబీలను వాడారు. ఇద్దరికీ ఇల్లు గడిపింది వేరే ఉద్యోగం. మీ అమ్మాయికీ అలాంటి దారే వేయాలి: జీతం తెచ్చే చదువు ఒకటి, దాని పక్కనే ఆగకుండా సాగే గులాబీ పని ఒకటి.

ఇక ఆమె ఎంచుకున్న పువ్వు గురించి. ఇది మామూలు గులాబీ కంటే కష్టం. ఎందుకో ఇప్పుడే తెలిస్తే మూడేళ్ల తర్వాత నిరాశ ఉండదు.

వేలాడే గుణం ఎక్కువగా రోజా విచురానా అనే తూర్పు ఆసియా అడవి గులాబీ నుంచి వచ్చింది. అది నేల మీద పాకుతుంది, ఆకులు మెరుస్తాయి, తెగుళ్లు తక్కువ. చిక్కేమిటంటే ఏడాదికి ఒక్కసారే పూస్తుంది. కుండీలో నెల నెలా పూసే చిట్టి గులాబీతో దాన్ని కలిపితే మొదటి తరం పిల్లలన్నీ ఒక్కసారి పూసేవే వస్తాయి. ఏడాదికి ఒకసారి పూయడం ప్రబల గుణం, అంటే పైకి కనిపించేది. మళ్లీ మళ్లీ పూయడం అంతర్గత గుణం, అంటే లోపల దాగి ఉండేది. బైపీసీ పిల్ల కదా, మెండెల్ లెక్క ఆమెకు తెలుసు. ఆ పిల్ల మొక్కను మళ్లీ నెల నెలా పూసే గులాబీతో కలిపితే రెండో తరంలో వేలాడుతూ ఏడాదంతా పూసే మొక్క దొరికే అవకాశం ఉంటుంది. పైగా ఆ మొదటి తరం మొక్కలు పూత చూపడానికే రెండేళ్లు పట్టవచ్చు. క్రోమోజోముల ఇబ్బంది కూడా ఉంది. విచురానాలో 14, పూలదుకాణాల్లో కనిపించే పెద్ద గులాబీల్లో సాధారణంగా 28. రెంటినీ కలిపితే 21 ఉన్న పిల్ల పుడుతుంది, అది చాలాసార్లు గింజ కట్టదు. అందుకే జనక మొక్కల ఎంపిక దగ్గరే సగం పని ఉంటుంది.

అమెరికాలో రాల్ఫ్ మూర్ అనే ఆయన ఈ దారిలోనే నడిచారు. 1940లలో విచురానాను ఒక తోట గులాబీతో కలిపి వచ్చిన మొక్కను అట్టిపెట్టుకున్నారు. దానికి పేరు కూడా పెట్టలేదు, 0-47-19 అన్న నంబరుతోనే దశాబ్దాలపాటు క్రాసింగ్‌లో వాడారు. వేలాడే ఎర్ర చిట్టి గులాబీ ‘రెడ్ కాస్కేడ్’ ఆ మొక్క సంతానమే, 1976లో బయటికొచ్చింది. ఆయన నర్సరీ యజమాని. 102 ఏళ్లు బతికారు, చివరి దాకా అదే పని. నర్సరీ మనిషి అన్న ముక్క మీరు గట్టిగా పట్టుకోవాలి. మీరు బత్తాయికి ‘టి’ ఆకారంలో గాటు పెట్టి కన్ను కడతారు, గులాబీకీ అదే పద్ధతి. అంటు కత్తి పట్టడం కాలేజీలో ఒకటి రెండు ప్రాక్టికల్స్‌లో చూపిస్తారు. మీ ఇంట్లో అది రోజూ జరుగుతోంది. చిట్టి గులాబీలకైతే అంటు కూడా అక్కర్లేదు, కొమ్మ ముక్క నాటితే వేరు వస్తుంది. ఒక మంచి మొక్క దొరికితే దాన్ని వందగా, వెయ్యిగా చేయడం మీకు చాలా తేలిక.

చదువు విషయానికి వస్తే నా సలహా బీఎస్సీ హార్టికల్చర్. నాలుగేళ్ల కోర్సు. నీట్ అవసరం లేదు, ఎప్‌సెట్ ర్యాంకు చాలు. శ్రీ కొండా లక్ష్మణ్ తెలంగాణ ఉద్యాన విశ్వవిద్యాలయం కాలేజీలు రాజేంద్రనగర్‌లో, మన దక్షిణాన వనపర్తి జిల్లా మోజెర్లలో ఉన్నాయి. పువ్వుల పరిశోధన కేంద్రం రాజేంద్రనగర్‌లోనే ఉంది కాబట్టి ర్యాంకు వస్తే అక్కడ చేర్చండి. మోజెర్ల వచ్చినా వెనకాడొద్దు. ఇంటికి మరీ దూరం కాదు, మన ఎండ, మన నేల మధ్యే చదువు. రైతు కుటుంబాల పిల్లలకు కోటా ఉంది. మీ పట్టాదారు పాసుబుక్కు, అమ్మాయి చదివిన బడుల స్టడీ సర్టిఫికెట్లు ఇప్పుడే సర్ది పెట్టుకోండి. కౌన్సెలింగ్ ముందు రోజు మండలాఫీసు చుట్టూ తిరిగే తండ్రులను ఏటా చూస్తున్నాను.

డిగ్రీతో ఆగొద్దు. బ్రీడింగ్ అసలు పాఠం ఎమ్మెస్సీలో మొదలవుతుంది. పూల విభాగమైనా, జెనెటిక్స్ అండ్ ప్లాంట్ బ్రీడింగ్ అయినా సరే. నన్ను అడిగితే రెండోది మేలు, ఎందుకంటే హైదరాబాద్ చుట్టూ విత్తన కంపెనీలు చాలా ఉన్నాయి, వాటికి మిర్చి, టమాటా, పత్తి బ్రీడర్లు కావాలి. మొగ్గ విప్పడం, రికార్డు రాయడం, వెయ్యి మొక్కల్లో పదింటిని ఏరడం ఏ పంటలోనైనా ఒకటే. ప్రభుత్వ హార్టికల్చర్ ఆఫీసర్ ఉద్యోగాలు ఉన్నాయి కానీ వాటినే నమ్ముకుని కూర్చోవద్దు. 2022 చివర్లో వచ్చిన నోటిఫికేషన్‌లో పోస్టులు 22 మాత్రమే. పీహెచ్‌డీ చేస్తే పరిశోధన సంస్థల దారి తెరుచుకుంటుంది. పువ్వుల మీదే పనిచేసే జాతీయ సంస్థ పుణెలో ఉంది, బెంగళూరు దగ్గర హెసరఘట్టలోని ఉద్యాన పరిశోధన సంస్థలోనూ పూల విభాగం ఉంది.

నీట్ గురించి ఒక్క మాట. వద్దన్న పిల్లను బలవంతంగా కోచింగ్‌లో కూర్చోబెడితే ఏడాది, డబ్బు రెండూ పోతాయి. డాక్టర్ కావాలన్నది ఎవరి కోరికో ఇంట్లో ఒకసారి అందరూ కూర్చుని మాట్లాడుకోండి.

కొత్త రకం తయారైతే డబ్బులొస్తాయా అని మీరు అడక్కపోయినా మనసులో ఉండే ఉంటుంది. మన దేశంలో 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం ఉంది. మిగతా రకాల కంటే భిన్నంగా ఉండాలి, మొక్కలన్నీ ఒకేలా రావాలి, ఏళ్లు గడిచినా గుణం మారకూడదు. ఈ మూడూ చూపి, చట్టంలోని మిగతా షరతులూ తీరితే రకాన్ని ఆమె పేరు మీద నమోదు చేస్తారు. రైతు తయారు చేసిన రకానికి కూడా ఆ హక్కు ఉంది, ఫీజు మినహాయింపు కూడా ఉంది. మొదటి క్రాసింగ్ నుంచి అక్కడికి చేరడానికి పదేళ్లు అనుకోండి. ఈలోగా పాలీహౌస్ అని, లోను అని ఎవరు చెప్పినా ఒప్పుకోవద్దు. ఈ పనికి ఇప్పుడు కావలసింది ఇరవై కుండీలు, నీడ వల, ఒక నోటు పుస్తకం.

ఈ చలికాలమే మొదలుపెట్టమనండి. నేను హార్టికల్చర్ చదివే రోజుల్లో తొందరపడి మార్చిలో క్రాసింగ్ చేశాను. ఏప్రిల్ ఎండకు ఒక్క కాయ మిగల్లేదు, ఏడాది పోయింది. మన దగ్గర నవంబరు సరైన నెల. రేపు విచ్చుకునే మొగ్గను ఎంచుకుని రేకులు, కేసరాలు తీసి కాగితం సంచి తొడగాలి. మర్నాడు కీలాగ్రం (పువ్వు మధ్యలో పుప్పొడి అందుకునే కొస) జిగటగా అయ్యాక ఆరబెట్టిన పుప్పొడి కుంచెతో అద్దాలి. కాయ నారింజ రంగుకు రావడానికి నాలుగు నెలలు, అంటే ఎండ ముదిరేలోపు చేతికొస్తుంది. గింజలను తడి గుడ్డలో చుట్టి ఫ్రిజ్‌లో కనీసం రెండు నెలలు ఉంచాలి. విత్తడం మాత్రం మళ్లీ చలి మొదలయ్యాకే. సగం గింజలు మొలవకపోతే భయపడొద్దు, గులాబీకి అది మామూలే. నారుకు బోరు నీళ్లు పోయొద్దు. ఉప్పు ఎక్కువైతే ఆకుల అంచులు మాడిపోతాయి. వాన నీళ్లు డ్రమ్ముల్లో పట్టి ఉంచండి.

మొలిచిన నారు మన మే నెల ఎండలో నీడ వల కింద ఎలా ఉంటుందో చూడండి. అమ్మాయి కష్టంలో అసలు విలువ ఇక్కడే ఉందని నాకు అనిపిస్తుంది. విదేశీ వేలాడే గులాబీలు చాలా ఉన్నాయి. హాలియా మే నెలకు వాడిపోకుండా నిలిచి, వానలకు మళ్లీ మొగ్గ తొడిగే చిట్టి గులాబీ ఒకటి మన బాల్కనీలకు కావాలి. దాన్ని ఏరాలంటే ఇక్కడి ఎండలో పుట్టి పెరిగిన మనిషి కళ్లే కావాలి.

దారాలు కడుతోందన్నారు కదా, దారం ఒక్కటే సరిపోదు, ప్రతి దానికీ చిన్న చీటీ కట్టమనండి. తల్లి మొక్క పేరు ముందు, తండ్రి మొక్క పేరు తర్వాత, కింద తేదీ. పెన్నుతో రాస్తే నాలుగు ఎండలకు చెరిగిపోతుంది, పెన్సిల్‌తో రాయమనండి.