టెక్ సందేహాలు: పల్లె లూథరన్ చర్చి రిజిస్టర్లు, ఎక్సెల్‌కు తెలియని ఏళ్లు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే కోవకు చెందినవి. ఊరి చర్చి బీరువాలో ఉన్న పాత రిజిస్టర్లను కంప్యూటర్లోకి ఎలా ఎక్కించాలన్నదే అందరి ప్రశ్న. అందుకే మిగతావి పక్కనపెట్టి వీటికే జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: మా ఊరి లూథరన్ సంఘం బాప్తిస్మ రిజిస్టరు 1880ల నుంచి ఉంది. ఎక్సెల్‌లో ఎక్కించి తేదీల వరుసలో పేర్చమంటే పాతవన్నీ అడుగుకు పోతున్నాయి. ఫైలు పాడైందా? (సత్తెనపల్లి)

జవాబు: ఫైలుకు ఏమీ కాలేదు. ఎక్సెల్ క్యాలెండర్ 1900 జనవరి 1న మొదలవుతుంది. అంతకు ముందరి తేదీ దాని దృష్టిలో తేదీ కాదు, ఉత్త అక్షరాలు. అందుకే 1887ను తీసుకెళ్లి 1927 కింద పడేస్తుంది. 1900లో లేని ఫిబ్రవరి 29ని మాత్రం ఉన్నట్టే లెక్కిస్తుంది! పాత లోటస్ ప్రోగ్రాముతో పొత్తు కుదరడానికి తెచ్చుకున్న ఈ తప్పును ఇప్పటికీ మోస్తూనే ఉంది.

ఎక్సెల్ లాంటి ఉచిత ప్రోగ్రామే అయిన లిబ్రే ఆఫీస్ కాల్క్‌లో ఈ బాధ లేదు. అయినా నా సలహా వేరు. సంవత్సరానికి, నెలకు, రోజుకు మూడు వేర్వేరు గడులు పెట్టండి. రోజు చెరిగిపోయి ఏడాది ఒక్కటే మిగిలిన పద్దులు తప్పకుండా ఎదురవుతాయి. అప్పుడు ఖాళీ గడిని ఖాళీగానే వదిలేయవచ్చు, ఊహించి నింపే పని ఉండదు.

అంతకంటే ముఖ్యమైనవి ఇంకో రెండు గడులు: పేజీ సంఖ్య, ఆ పేజీలో వరుస సంఖ్య. అమెరికా లూథరన్ మిషనరీ హేయర్ దొర గుంటూరు చేరింది 1842లో, పల్నాడుకు వెళ్లింది 1849లో. ఆ తర్వాత సంఘాలు పల్లె పల్లెకూ పెరిగాయి. ఊళ్లో ఉపదేశి ఉండేవాడు, బాప్తిస్మం ఇచ్చే గురువు పర్యటనకు వచ్చినప్పుడే వచ్చేవాడు. కాబట్టి ఒకే తేదీ కింద వరసగా చాలా పేర్లు కనిపిస్తే ఆశ్చర్యపడకండి. వాటిలో పక్కపక్కన ఉన్నవారు ఒకే ఇంటివారు కావచ్చు. పేర్లను అకారాది క్రమంలో పేర్చిన మరుక్షణం ఆ ఆనవాలు పోతుంది. అసలు వరుసకు తిరిగి వచ్చే దారి ఉండాలంటే ఈ రెండు అంకెలే దిక్కు.

పేర్లు కూడా రిజిస్టరులో ఉన్నట్టే రాయండి. కోటయ్య అనే పేరు ఇంగ్లీషు రాతలో మూడు చోట్ల మూడు విధాలుగా ఉంటే, మూడింటినీ అలాగే ఉంచి, మీరు సరైనదనుకున్న రూపాన్ని పక్క గడిలో రాయండి. దిద్దుబాటు మీది, రాత వారిది. రెండూ ఒకే గడిలో కలవకూడదు.

ప్రశ్న: ఫోనులోని స్కానింగ్ యాప్‌తో పేజీలు తీస్తే కొన్ని వరుసలు మాయమవుతున్నాయి. మంచి ఫోను కొనాలా? (భీమవరం)

జవాబు: కొనవద్దు. తప్పు యాప్‌ది. కాగితాన్ని తెల్లగా, అక్షరాన్ని నల్లగా చేసే తొందరలో అది పెన్సిలు గీతలను, వెలిసిన సిరాను మరకలుగా భావించి తుడిచేస్తుంది. మామూలు కెమెరాతో, రంగుల్లోనే, ఫ్లాష్ లేకుండా, కిటికీ పక్కన పగటి వెలుతురులో తీయండి. పేజీ నాలుగు అంచులూ చిత్రంలో పడాలి. ఫలానా కుటుంబం వేరే ఊరికి తరలిపోయిందన్న సంగతి ఎవరో అంచులోనే రాసి ఉండవచ్చు. అట్టను, ఖాళీ పేజీలను కూడా వదలకండి. పుస్తకం వీపు విరిగేలా నొక్కి పరచవద్దు. చిరుగులకు సెల్లో టేపు అసలే వద్దు.

ఇనుము కలిసిన పాత సిరా కాలం గడిచేకొద్దీ గోధుమ రంగుకు తిరుగుతుంది. అలాంటి పేజీ చిత్రాన్ని గింప్ అనే ఉచిత ప్రోగ్రాములో తెరిచి, కలర్స్ మెనూలోని కాంపొనెంట్స్, అందులో డీకంపోజ్ ఎంచుకోండి. ఎరుపు, ఆకుపచ్చ, నీలం పొరలు విడివిడిగా వస్తాయి. గోధుమ సిరా తరచుగా నీలం పొరలో ముదురుగా తేలుతుంది. కాగితం బాగా పసుపెక్కి ఉంటే ఆకుపచ్చ పొర మెరుగు. రెండూ చూడండి. ఈ ప్రయోగాలన్నీ నకలు మీదే చేయండి, అసలు చిత్రం జోలికి పోవద్దు.

ప్రశ్న: మా దగ్గర జర్మన్ చేతిరాత కాగితాలు ఉన్నాయి. ఫోను అనువాద యాప్ చేతులెత్తేసింది. (నాయుడుపేట)

జవాబు: మీ వైపు పనిచేసింది 1865లో వచ్చిన హెర్మన్స్‌బర్గ్ అనే జర్మన్ మిషన్. ఆనాటి జర్మన్లు రాసిన కుర్రెంట్ అనే గొలుసు రాత నేటి జర్మన్లకే కొరకరాని కొయ్య. చేతిరాతను కంప్యూటరుతో చదివించే ట్రాన్స్‌క్రైబస్ అనే సేవలో ఈ రాతకు తర్ఫీదైన నమూనాలు సిద్ధంగా ఉన్నాయి. ముందు రాతను అక్షరాల్లోకి మార్పించి, తర్వాత అనువాదానికి ఇవ్వండి. ఊళ్ల పేర్ల దగ్గర మాత్రం దాన్ని నమ్మకండి, సూళ్లూరుపేటను అది ఏమైనా చేయగలదు. తెలుగు చేతిరాతకు ఇలాంటి సుఖం ఆశించవద్దు. చదివి టైపు చేయడమే దగ్గరి దారి.

ప్రశ్న: సంఘం శతజయంతి సంచిక పేజ్‌మేకర్ ఫైలు తెరిస్తే పిచ్చి గీతలు వస్తున్నాయి.

జవాబు: అది అను ఫాంట్లలో చేసిన ఫైలు అయి ఉంటుంది. యూనికోడ్ (అన్ని కంప్యూటర్లకూ ఉమ్మడి అక్షర పద్ధతి) కాదు కాబట్టి ఆ ఫాంటు లేని చోట అక్షరాలు చెదురుతాయి. టైపు చేసిన డీటీపీ సెంటరులోనే ముందు పీడీఎఫ్ తీయించండి. తర్వాత కన్వర్టరుతో యూనికోడ్‌లోకి మార్చి, వత్తుల దగ్గర పీడీఎఫ్‌తో సరిచూడండి.

ప్రశ్న: 1977 ఉప్పెనలో మా రిజిస్టర్లు పోయాయి. అమెరికాలో నకళ్లు ఉంటాయా? (రేపల్లె)

జవాబు: ఆంధ్ర సువార్త లూథరన్ సంఘం 1927లో ఏర్పడింది. అంతకు ముందు గుంటూరు, రాజమండ్రి మిషన్లను నడిపింది అమెరికా లూథరన్లే. వారి నేటి వారసుల పాత కాగితాల భద్రాగారం (ఆర్కైవ్స్) షికాగో దగ్గర ఎల్క్ గ్రోవ్ విలేజ్‌లో ఉంది. ఈమెయిలులో అడగవచ్చు. అయితే మిషన్ నివేదికలు, ఉత్తరాల మీదే ఆశ పెట్టుకోండి, ఊరి రిజిస్టరు నకలు మీద కాదు. మిషన్ బడి అడ్మిషన్ రిజిస్టరు, ఇళ్లలోని పాత బైబిళ్ల మొదటి పేజీలు, సమాధి రాళ్లు అంతకంటే దగ్గర.

ప్రశ్న: ఫోటోలన్నీ నెట్‌లో పెట్టేయవచ్చా?

జవాబు: వద్దు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను మతంతో ముడిపెట్టింది, క్రైస్తవులకు అది వర్తించదు. బతికున్నవారి బాప్తిస్మ పద్దు బయటపడితే వారి ధ్రువపత్రాల మీద తగాదా రావచ్చు. బాగా పాత పేజీలను కూడా సంఘ కమిటీ తీర్మానం రాసి సంతకాలు పెట్టాకే పెట్టండి. మిగతావి రెండు హార్డ్ డిస్కుల్లో, రెండు వేర్వేరు ఇళ్లలో ఉంచితే చాలు.