శృంఖలమా, గొలుసా? బెంజీన్ ఎక్కడిది?

సందేహం: మా అబ్బాయి ఇంటర్ నోట్సులో ‘బెంజీన్ వలయంపై పార్శ్వ శృంఖలాలన్నీ ఆక్సీకరణం చెందించబడును’ అని ఉంది. శృంఖలమా, శృంఖలా? ‘పక్క గొలుసు’ అంటే తప్పా? బెంజీన్‌కు మన మాట లేదా?

సమాధానం: శృంఖల, శృంఖలం రెండూ సాధువులే. మగవాడి మొలనూలును చెబుతూ అమరకోశంలో అమరసింహుడు ‘పుంస్కట్యాం శృంఖలం త్రిషు’ అన్నాడు. అంటే మూడు లింగాల్లోనూ చెల్లుతుంది. ‘పక్క గొలుసు’ తప్పు కాదు, నాకు ఇష్టం కూడా. పరీక్షలో మాత్రం పాఠ్యపుస్తకం మాటే రాయమనండి.

నా కోపమంతా ‘చెందించబడును’ మీద. చెందడానికి ప్రేరణార్థకం తగిలించి, దానిమీద ‘బడు’ను ఎక్కించడం ఏం తెలుగండీ! బెంజీన్ వలయానికి ఒక మిథైల్ సమూహం అంటుకున్న టోలీన్‌ను ఆక్సీకరణం చేసే క్షార పర్మాంగనేట్‌తో మరిగిస్తే మిథైల్ సమూహం ఆక్సీకరణం చెందుతుంది; వడకట్టి ఆమ్లం పోస్తే బెంజోయిక్ ఆమ్లం తెల్లగా పేరుకుంటుంది. ‘చెందుతుంది’ అంటే సరిపోలేదా? ఆ ‘అన్నీ’ కూడా కొట్టేయించండి. పక్క గొలుసు ఇథైల్ అయినా ప్రొపైల్ అయినా చివరికి మిగిలేది బెంజోయిక్ ఆమ్లమే కానీ, వలయానికి అంటుకున్న కార్బన్ మీద ఒక్క హైడ్రోజన్ అయినా ఉండాలి. అది లేని టెర్షియరీ బ్యూటైల్ గొలుసు మామూలుగా లొంగదు.

ఇక బెంజీన్. అది మన సాంబ్రాణి చుట్టమే! సుమత్రా నుంచి వచ్చే సాంబ్రాణిని అరబ్బు వర్తకులు ‘లుబాన్ జావీ’ అన్నారు, జావా ధూపమని. సుమత్రానూ వాళ్లు జావా అనేవారు. లుబాన్‌లోని ధాతువుకు తెలుపని అర్థం. పాలను ‘లబన్’ అనేదీ అందుకే. 14వ శతాబ్దంలో మొరాకో యాత్రికుడు ఇబ్న్ బతూతా ఈ పేరు రాసిపెట్టాడు. ఐరోపా నోళ్లలో పడేసరికి మొదటి ‘లు’ వాళ్ల భాషల ఉపపదంలా (ఇంగ్లీషు ‘ద’ లాంటిది) వినిపించి రాలిపోయింది. మిగిలిన ‘బాన్ జావీ’ బెంజాయిన్ అయింది. ఆ బంకను కాచి తీసిన ఆమ్లం బెంజోయిక్. 1825లో ఇంగ్లండ్ శాస్త్రవేత్త ఫారడే బెంజీన్ ద్రవాన్ని వేరుచేసినప్పుడు పెట్టిన పేరు వేరే. 1833లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త మిచెర్లిక్ బెంజోయిక్ ఆమ్లాన్ని సున్నంతో వేడిచేసి అదే ద్రవాన్ని రాబట్టి ‘బెంజిన్’ అన్నాడు. చూశారా, ఆమ్లం ముందు, వలయం పేరు తర్వాత! టోలీన్ పేరూ బంకదే, కొలంబియాలోని తోలూ ఊరిది.

కాబట్టి బెంజీన్‌ను బెంజీన్ అనడమే నయమనిపిస్తుంది. ‘సాంబ్రాణి’ ధాతువుతో ఎవరైనా చక్కని మాట కట్టి, అది పిల్లల నోట నిలిస్తే నేను కాదనను.